నా మీద పడిన పసుపు నింద

నేను ఒక పోపుల డబ్బాని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. మధ్యలో ఏడాదిన్నర పాటు నన్ను మందుల డబ్బా అన్నారు. ఆ రోజుల్లోనే నా మీద ఒక నింద పడింది. పడితే పడింది గానీ, ఆ నింద వల్లే ఒక మనిషి బతికి బట్టకట్టాడు. ఆ మనిషి మాత్రం ఊళ్ళో ఎవరికీ నా పేరు చెప్పడు. డాక్టరమ్మ చలవ అంటాడు, దేవుడి దయ అంటాడు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను.

నన్ను అచ్చు పోసింది ఎక్కడో ఉత్తరాదిలో. ఎండుగడ్డిలో చుట్టుకుని లారీలో రాజమండ్రి వచ్చాను. ఒక పెద్ద గుండ్రటి పెట్టె, లోపల ఏడు బుల్లి గిన్నెలు, పైన బిగుతైన మూత, ఇదీ నా కుటుంబం. ఆర్టీసీలో డ్రైవరు త్రిమూర్తులు గారు ఎవరి పెళ్ళికో చదివించడానికి నన్ను కొని, మూత మీద తన పేరు కొట్టించారు. వీపు మీద ఆ దెబ్బలు తిన్నప్పుడు ఏడుపొచ్చింది గానీ, మనుషులకి ఇచ్చిన వస్తువు కన్నా ఇచ్చినవాడి పేరు ముఖ్యమని అప్పుడే అర్థమైంది. ఆ పెళ్ళికూతురికి అప్పటికే నాలుగు పోపుల డబ్బాలు వచ్చాయి. మూడేళ్ళు అటక మీద పడుకోబెట్టి, చివరికి రంగుకాగితం చుట్టి రామచంద్రపురంలో ఒక గృహప్రవేశానికి తెచ్చి ఇచ్చేసింది. నలుగురిలో కాగితం విప్పారు. మూత మీద త్రిమూర్తులు పేరు. బంతిలో కూర్చుని బూరెలు తింటున్న త్రిమూర్తులు గారు తల ఎత్తి చూసి, "ఇదెక్కడో చూసినట్టుందే!" అన్నారు. నాకు మాత్రం మంచి ఇల్లే దొరికింది.

ఆ ఇల్లు అయినవిల్లి పేర్రాజు గారిది. ఆయన ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎన్నింటికి లోపలికి రావాలి, ఎన్నింటికి బయటికి పోవాలి, ఆ లెక్క అంతా ఆయన చేతిలో ఉండేది. ఆయన భార్య మాణిక్యాంబ గారు. ఆవిడ నన్ను పొయ్యి పక్కన పెట్టి, నడిమ గిన్నెలో పసుపు, చుట్టూ ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరప ముక్కలు పోశారు. ఇరవై ఆరేళ్ళు అలాగే గడిచిపోయాయి. చెంచా వాడకుండా వేళ్ళతోనే తీసి వేసేవారు, ఒక్కనాడూ ఎక్కువ తక్కువలు కాలేదు. ఆ చేతి రుచి నాకు తెలిసినంతగా పేర్రాజు గారికి కూడా తెలియదు.

పేర్రాజు గారికి గుండె లయ తప్పే జబ్బు ఉంది. పదకొండేళ్ళ కిందట ఒకసారి దడ వస్తే, ఊళ్ళోనే ఉన్న సోమయాజులు డాక్టరు గారు ఒక చిన్న తెల్ల మాత్ర రాశారు. పేరు డిగాక్సిన్. ఆవగింజకి కాస్త పెద్దన్నలా ఉంటుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదీ సంగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి వేసుకోవాలి, శని ఆదివారాలు మానాలి. వారానికి రెండు రోజులు సెలవు పుచ్చుకునే మందును పేర్రాజు గారు ఎంతో గౌరవించేవారు. "డ్యూటీ చార్టు ఉన్న మాత్ర ఇదొక్కటేనే!" అనేవారు.

రిటైరయ్యాక బీపీ మాత్ర, షుగరు మాత్ర కూడా వచ్చి చేరాయి. ఒకరోజు పొద్దుటి మాత్ర వేసుకున్నారో లేదో గుర్తురాక, ముప్పై ఏళ్ళు బస్సుల టైములు రాసిన మనిషి అరగంట సేపు చెత్తబుట్టలో ఖాళీ రేకు కోసం వెతికారు. ఆ వెతుకులాటలోంచి లేచి వంటింట్లోకి వచ్చి నన్ను చూశారు. ఏడు గిన్నెలు, ఏడు వారాలు. ఇంకేముంది!

"ఏవండీ, అదెక్కడికి పట్టుకుపోతున్నారు? పొయ్యి మీద చారు ఉంది!" అన్నారు మాణిక్యాంబ గారు.

"నీ ఆవాలకి సీసాలు లేవా? ప్రాణం ముఖ్యమా, పోపు ముఖ్యమా?"

"పోపు లేనిదే మీరు ముద్ద ముట్టరు కదా!"

ఆయన వినలేదు. నన్ను సబ్బుతో తోమి ఎండలో ఆరబెట్టి, గిన్నె గిన్నెకీ వారం పేరు రాసిన తెల్ల ప్లాస్టరు ముక్క అంటించారు. నడిమది సోమవారం, అక్కణ్ణుంచి వరసగా మిగతావి. ఎంత తోమినా నడిమ గిన్నె అంచు మడతలో మాత్రం సన్నని పసుపు గీత అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురం సబ్బుకి పోతుందా మరి? నన్ను ముందుగదిలో టీవీ పక్కన పెట్టారు. తిరగమోత చిటపటలు దూరం నుంచి వింటూ ఉసూరుమని కూర్చునేదాన్ని.

కిందటి వానాకాలంలో పేర్రాజు గారికి మళ్ళీ దడ వచ్చింది. డిపో నాటి స్నేహితుడు త్రిమూర్తులు గారు వచ్చి కాకినాడలో డాక్టర్ రెహానా గారి పేరు చెప్పారు. గుండె వైద్యంలో దిట్ట, మాట మెత్తన అన్నారు. పేర్రాజు గారికి వెళ్ళాలనే ఉంది, కానీ సోమయాజులు గారు ఏమనుకుంటారోనని బెంగ. పదకొండేళ్ళు చూసిన మనిషి, ఎనభై దాటిన పెద్దాయన. ఆయనకి తెలియకుండా కాకినాడ బస్సు ఎక్కారు. ఆవిడ దగ్గర ఏం జరిగిందో, మర్నాడు త్రిమూర్తులు గారితో నా పక్కనే కూర్చుని చెబుతుంటే విన్నాను.

"ఇంతకుముందు ఏం మందులు వాడుతున్నారని అడిగిందిరా. బీపీదీ, షుగరుదీ చెప్పాను."

"మరి ఆ తెల్లదో?"

"అది చెబితే ఎవరు రాశారంటుంది. పెద్దాయన పేరు చెప్పాలి. ఆవిడేమో ఇది పాత వైద్యం అని ఒక మాట అంటే, నా చెవులతో నేనెలా వినేది? ఆయనకి చిన్నతనం కాదూ? చీటీలు తెచ్చారా అంటే బస్సులో మర్చిపోయానని చెప్పేశాను."

"మరి పెద్దాయనకి చెప్పావా, ఇలా కాకినాడ వెళ్ళానని?"

"ఎలా చెప్తాన్రా బాబూ! ఆయన మనసు కష్టపడదూ?"

"మరేలే, చెప్పకూడదు," అని తల ఊపారు త్రిమూర్తులు గారు.

చూశారా! ఇద్దరూ కలిసి రెండువందల బస్సులకి దారి చూపించినవాళ్ళు. ఈ దేశంలో జబ్బుతో పోయేవాళ్ళు కొందరైతే మొహమాటంతో పోయేవాళ్ళు ఇంకొందరు. మాణిక్యాంబ గారికి ఈ దాపరికం ఏమీ తెలియదు. ఆ రోజు లోపలికి ఒక్కరినే రమ్మన్నారని ఆవిడ బయట బల్ల మీద కూర్చున్నారట.

రెహానా గారు రాసిన కొత్త మాత్ర పేరు అమియోడరోన్. ఒడ్డూ పొడుగూ ఉన్న మాత్ర, చిన్నదాని పక్కన ఆంబోతులా కూర్చుంది. దడ నాలుగు రోజుల్లో తగ్గింది. "చూశావా, చెయ్యి తిరిగిన డాక్టరు!" అని ఆయన పొంగిపోయారు. నేనూ సంతోషించాను. మాత్రలు పక్కపక్కన ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటాయి, లోపలికి వెళ్ళాక ఏం చేస్తాయో గిన్నెలకేం తెలుసు?

మూడో వారంలో ఒక మధ్యాహ్నం పేర్రాజు గారు కంచం ముందు కూర్చుని, "ఏమే, మజ్జిగలో పసుపేశావేంటి?" అన్నారు.

మాణిక్యాంబ గారు గరిటె పట్టుకుని వచ్చి మజ్జిగలోకి తొంగిచూశారు. "మజ్జిగలో పసుపా? మీకేమైనా మతిపోయిందా?"

"నా కళ్ళ ముందే పచ్చగా ఉంటే మతి నాదంటావేంటే?"

ఆ రోజు మొదలు. అన్నం పచ్చగా ఉందన్నారు, ఇడ్లీ పచ్చగా ఉందన్నారు. ఇస్త్రీ బండి అప్పన్నని పిలిచి, "నా తెల్లపంచె ఎవరి పెళ్ళికి అద్దెకిచ్చావు, ఈ పసుపు మరకలేంటి?" అని నిలదీశారు. అప్పన్న పంచెను ఎండలో ఇటూ అటూ తిప్పి చూసి, "పాలలాగుందండి బాబూ!" అన్నాడు. "పాలూ అలాగే ఉన్నాయి!" అని అరిచారు పేర్రాజు గారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత మాణిక్యాంబ గారి నోట రానే వచ్చింది. దాంతో ఆయనకి కొత్త భయం పట్టుకుంది. గబగబా వచ్చి నా మూత తీసి, అద్దంలా పట్టుకుని, కళ్ళు విప్పార్చి చూసుకున్నారు.

"కామెర్లే! కళ్ళు పచ్చగా ఉన్నాయే!"

"ఏవీ, ఇలా తిరగండి. మల్లెపువ్వుల్లా ఉన్నాయి మీ కళ్ళు!"

"నీకు కనబడదే, నాకు కనబడుతోంది!"

పచ్చగా చూసే కళ్ళతో తన కళ్ళు చూసుకుంటే పచ్చగా కాక నీలంగా ఉంటాయా? ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. పైగా ఆ మూత పట్టుకున్నప్పుడే ఆయన చూపు నా నడిమ గిన్నె అంచు మీద, ఆ సన్నని గీత మీద పడింది.

"ఆఁ! దొరికింది దొంగ! దీని పసుపు మాత్రలకి అంటుకుంటోంది, ఆ మాత్రలు నా ఒంట్లోకి పోతున్నాయి. అదీ సంగతి!"

అలా నింద నా మీద పడింది. చింతపండుతో రుద్దారు, ముగ్గుపిండితో రుద్దారు, పాత బ్రష్షుతో అంచు మడతలో గీకారు. నా జన్మలో అంత అవమానం ఎరగను. త్రిమూర్తులు పేరు కొట్టినప్పుడు కూడా అంత నొప్పెయ్యలేదు.

కానీ నవ్వుకునే రోజులు ఎంతోకాలం లేవు. ఆయనకి తిండి హితవు కాలేదు. ఇష్టమైన గుత్తివంకాయ పెడితే వాసనకే వాంతి. రోజూ అయిదున్నరకు వీధరుగు మీద ఉండాల్సిన మనిషి ఏడైనా మంచం దిగేవారు కాదు. అయినా మాత్ర మాత్రం టైముకి మానలేదు. ఒంట్లో బాగోకపోతే మందు ఇంకా శ్రద్ధగా వేసుకోవాలి కదా అని, ఏది కొడుతోందో దాన్నే మింగేవారు. ఒక గురువారం స్నానానికి లేచి, గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి గోడకి చేరబడిపోయారు. మాణిక్యాంబ గారు వచ్చి నాడి పట్టుకుని చూశారు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చాలాసేపు పడుతోంది.

"లేవండి. కాకినాడ పోదాం."

"ముందు ఆ డబ్బా పారెయ్యవే, అంతా దాని..."

"డబ్బా పారెయ్యను. డబ్బా కూడా వస్తుంది. నేను పసుపు కలుపుతున్నానో, ఇది కలుపుతోందో, మీ కళ్ళే కలుపుతున్నాయో ఇవాళ డాక్టరమ్మ ముందే తేలాలి!"

అంత భయంలోనూ ఆవిడకి ఆ పౌరుషం రావడమే మేలైంది. నన్ను చేతిసంచిలో పడేసుకుని ఆటో ఎక్కించారు.

రెహానా గారు నాడి చూస్తూనే కుర్చీలోంచి లేచారు. నిమిషానికి నలభై కూడా లేదు. నర్సును పిలిచి ఈసీజీ తీయిస్తుండగానే, పడుకున్న మనిషి ఊరుకోకుండా పసుపు గోడు మొదలుపెట్టారు. అప్పుడు మాణిక్యాంబ గారు నన్ను బల్ల మీద ఠంగుమని పెట్టారు.

"చూడండి డాక్టరుగారూ! ఇందులో పసుపు ఉందేమో మీరే చెప్పండి. మజ్జిగలో పసుపు, ఇడ్లీలో పసుపు అని ఇరవై రోజుల్నుంచి నన్ను నమిలేస్తున్నారు. నాకూ ఒళ్ళు మండి, ఇరవై రోజులుగా ఇంట్లో పసుపన్నదే ముట్టలేదు. పప్పులో లేదు, కూరలో లేదు. అయినా పచ్చగానే ఉందంటారు!"

రెహానా గారు మొదట నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పసుపు వెయ్యకపోయినా పచ్చగా కనబడుతోందా?" అని నా మూత తీశారు. ఆవిడ వేళ్ళు శుక్రవారం గిన్నెలోకి వెళ్ళి ఆ చిన్న తెల్ల మాత్రను పట్టుకున్నాయి.

"ఇది నేను రాయలేదే. ఎవరు రాశారిది?"

పేర్రాజు గారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

"అది సోమయాజులు డాక్టరు గారిదండి," అన్నారు మాణిక్యాంబ గారు. "పదకొండేళ్ళ నుంచీ వేసుకుంటున్నారు. మీకు చెప్పలేదా?"

"డిగాక్సిన్ వాడుతూ నాకు చెప్పలేదా పేర్రాజు గారూ?"

"పెద్దాయన... మీరేమైనా అంటారేమోనని..." అని నసిగారు ఆయన.

రెహానా గారు ఆ మాత్రను నా మూత మీద పెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీరు ఆర్టీసీలో ఏం చేసేవారన్నారు?"

"కంట్రోలరునండి. ముప్పై ఏళ్ళు."

"అయితే వినండి. మీ ఒళ్ళొక బస్టాండు అనుకోండి. ఈ చిన్న మాత్ర రోజూ పొద్దున లోపలికొచ్చే బండి. దాని పని అది చేసుకుని, ఎక్కువగా మూత్రపిండాల దారిన మెల్లిగా బయటికి పోతుంది. ఎంత వచ్చిందో ఇంచుమించు అంత పోతుంది కాబట్టి పదకొండేళ్ళూ మీకే ఇబ్బందీ రాలేదు. నేనిచ్చిన మాత్ర వచ్చి ఆ బయటికి పోయే దారికి అడ్డం పడింది. లోపలికి వచ్చే బళ్ళు రోజూ వస్తూనే ఉన్నాయి..."

పేర్రాజు గారు నీరసం మరిచిపోయి మోచేతి మీద లేచారు. "బయటికి పోయేవి తగ్గిపోయాయి! బస్టాండు నిండిపోయింది! ఎవడండీ ఔట్ గేటుకి అడ్డంగా బండి పెట్టింది?"

"నేనేనండి," అన్నారు రెహానా గారు. "లోపల బళ్ళున్నాయని మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? తెలిస్తే ఆ రోజే ఈ చిన్నదాన్ని సగానికి తగ్గించేదాన్ని. రెండూ మంచి మందులే. ఒకదాని సంగతి ఇంకోదాన్ని రాసేవాళ్ళకి తెలియాలి, అంతే. ఆ నిండిపోయిన మందే మీ కళ్ళకి పసుపు పూసింది, తిండి మానిపించింది, గుండెని ఇలా నెమ్మదించింది. ఇంకో వారం పోతే గుండె ఆగిపోయి ఉండేదేమో."

ముప్పై ఏళ్ళలో ఒక్క బండినీ గేటుకి అడ్డం పెట్టనివ్వని మనిషి మెల్లిగా తలగడ మీదికి ఒరిగిపోయారు. ఆ తర్వాత పసుపు మాట ఎత్తలేదు.

అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. చిన్న మాత్ర ఆపేసి, ఒంటికి వైర్లు పెట్టి గుండె చప్పుడు కనిపెడుతూ కూర్చున్నారు. మొదటి రోజు మాణిక్యాంబ గారు తలుపు బయట నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా అంచును బొటనవేలితో రుద్దుతూ, ఆ పసుపు గీత మీదే రుద్దుతూ, తనలో తను అనుకుంటున్నారు: "పంతానికి పోయి ఇంట్లో పసుపు లేకుండా చేసుకున్నానే. ఎంత పాపిష్టిదాన్ని. ఆయన్ని నాకు వదిలెయ్యి తల్లీ, రోజూ గుమ్మానికి రాస్తాను." మందుకీ ఆవిడ పంతానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరమ్మ చెప్పే ఉన్నారు. చెబితే మాత్రం మనసు వింటుందా? నేను స్టీలు దాన్ని. అయినా ఆవిడ కన్నీటిచుక్క మూత మీద పడితే నాకు ఏడుపొచ్చింది.

మూడో రోజుకి నాడి బాగుపడింది. రంగుల సంగతి మాత్రం తేలలేదు. "ఇంకా పచ్చగానే కనబడుతోంది," అని ఆయన దిగులుగా అంటే, "గోడకి వేసిందే పసుపు రంగు తాతగారూ!" అంది నర్సు. ఆ మాటతో ఆయన సిగ్గుపడిపోయి ఇక రంగుల ఊసే ఎత్తలేదు. మాణిక్యాంబ గారికి అడగాలని ఉంది, ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఇంటికి పంపేటప్పుడు రెహానా గారు మందులన్నీ ఒకే కాగితం మీద రాసి, చిన్న మాత్రకి ఇక పని లేదని కొట్టేసి, "ఈ కాగితం సోమయాజులు గారికి చూపించాకే ఇంటికి వెళ్ళండి," అన్నారు. పేర్రాజు గారికి ఆస్పత్రి కన్నా ఇదే కష్టమనిపించింది. రామచంద్రపురంలో బస్సు దిగి, పెద్దాయన గుమ్మంలో చెప్పులు విడవడానికే పది నిమిషాలు తీసుకున్నారు.

పెద్దాయన కాగితం కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని చదివారు. "రెహానా దగ్గరికా వెళ్ళావు? నాకు చెప్పలేదేమయ్యా?"

"మీ మనసు కష్టపడుతుందని..."

"ఓరి నీ మొహమాటం మండా! చచ్చి నన్ను సుఖపెడదామనుకున్నావట్రా?" అని కసిరి, గొంతు తగ్గించి, "నా గుండెకి నేనూ ఆరునెలల నుంచి ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. ఊళ్ళో అనకు," అన్నారు.

పేర్రాజు గారు చాలా వినయంగా అడిగారు: "మరి మీ అంతట మీరు వేసుకునే మందులు కూడా ఆవిడకి చెప్పారాండీ?"

సోమయాజులు గారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

ఇల్లు చేరాక మాణిక్యాంబ గారు స్నానం చేసి పొయ్యి వెలిగించారు. పప్పు ఉడికించి, పసుపు వెయ్యకుండా, ఉప్పూ పోపూ మాత్రం వేసి, వేడన్నంలో వడ్డించి ఎదురుగా కూర్చున్నారు. నన్ను తెచ్చి కంచం పక్కన పెట్టారు. పేర్రాజు గారు పప్పు వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ పప్పు వైపు చూశారు. ఏదైనా అంటే మళ్ళీ గొడవవుతుందేమోనని జంకుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఉండబట్టలేకపోయారు.

"ఏమే... కోప్పడనంటే ఒక మాట. ఇందులో పసుపు వెయ్యడం మర్చిపోయావు. పప్పు వెలవెలబోతోంది."

"ఏదీ, మళ్ళీ చెప్పండి."

"అన్నం తెల్లగా ఉంది, పప్పు పాలిపోయి ఉందే. పసుపు లేదు ఇందులో."

ఆవిడ నవ్వబోయి ఏడ్చేశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. ఆయన కంగారుపడి, కంచం ముందు నుంచి లేచి, ఏం చెయ్యాలో తోచక నన్ను అందుకున్నారు. నా ప్లాస్టరు ముక్కలు ఒక్కొక్కటీ పీకేశారు. మాత్రలన్నీ తీసి కాగితంతో పాటు ఒక అట్టపెట్టెలో పెట్టారు. వంటింట్లోకి వెళ్ళి, సీసాలోని పసుపును నా నడిమ గిన్నెలోకి సగం పోశారు, సగం నేల మీద ఒలకబోశారు. నన్ను తెచ్చి ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ కంచం ముందు కూర్చున్నారు.

"ఎంత వెయ్యమంటారు?" అన్నారు ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ.

"నీ చేతికి ఎంతొస్తే అంత వెయ్యవే మాణిక్యం. ఇక నేనేమీ అనను."

ఆవిడ వేళ్ళు నా నడిమ గిన్నెలోకి దిగాయి. ఏడాదిన్నర తర్వాత కూడా కొలత ఇసుమంత తప్పలేదు.